పాత నర్సరీ పుట్టమన్ను

2002 మార్చిలో నన్ను అనకాపల్లికి ఉద్యాన అధికారిగా బదిలీ చేశారు. చేరిన వారం తిరక్కుండానే మా అసిస్టెంట్ డైరెక్టరు గారు పిలిచి ఒక పని అప్పజెప్పారు. అది మొక్కల పని కాదు, మట్టి పని. హైవేని నాలుగు లైన్లు చేస్తున్న రోజులవి. మా పాత నర్సరీ ఒకటి రోడ్డును ఆనుకుని ఉండేది. అందులో పెద్ద ముక్క రోడ్డు కిందకు పోతోంది. బదులుగా సబ్బవరం వెళ్లే దారిలో ఒక మెరక స్థలం ఇచ్చారు. అక్కడ గునపం దించితే ఠంగుమని ఎగిరిపడేది. అంతా గ్రావెల్ నేల. అందులో నారు పెరగాలంటే పాత నర్సరీ పైమట్టిని అడుగు లోతున గీకి, ట్రాక్టర్ల మీద తరలించి, బాగుచేసి, కొత్త స్థలంలో పరవాలి. తొలకరి పడేలోగా అంతా అయిపోవాలని ఆయన ఒకటికి రెండుసార్లు చెప్పారు.

నేను పుట్టుకతో పిరికిదాన్ని. ఉద్యోగంలో అది లోపమని చాలామంది అన్నారు గాని నేనెప్పుడూ ఒప్పుకోలేదు. విషాలతో పని ఉన్న శాఖలో ధైర్యవంతుల కన్నా పిరికివాళ్లే నయం. కీడెంచి మేలెంచమని పెద్దలు ఊరికే అనలేదు. అయినా ఆ వేసవిలో పడినంత భయం నేను అంతకుముందు పడలేదు, ఆ తర్వాతా పడలేదు. అది నా గురించి పడిన భయం కాదు కాబట్టి చెప్పుకోవడానికి సిగ్గు లేదు.

ఈ పని తెలియనివారి కోసం కొంచెం వివరం చెప్పాలి. పాత తోట మట్టి అనగానే పారేయాల్సిందే అనుకుంటారు. అది చచ్చిన మట్టి కాదు, అలిసిన మట్టి. ఏళ్ల తరబడి ఒకేచోట నారు పెంచితే వేళ్లకు బుడిపెలు తెచ్చే నులిపురుగులు చేరతాయి. ఎరువుల ఉప్పు పేరుకుంటుంది. తొక్కీ తొక్కీ నేల గట్టిపడుతుంది. అయినా ఏళ్లపాటు పశువుల పేడ గత్తం తిని నల్లబడ్డ అలాంటి మట్టి బజారులో దొరికేది కాదు. దాన్ని ముందు చిన్న చిన్న దిబ్బలుగా పోయించి, ప్రతి దిబ్బకూ ఒక గుర్తు కర్ర పాతిస్తాం. దిబ్బ పైనా, నడుమా, అడుగునా, చుట్టూరా గుప్పెడు గుప్పెడు తీసి గుడ్డ మీద కలుపుతాం. దాన్ని రొట్టెలాగా పరిచి నాలుగు భాగాలు చేసి, ఎదురెదురు భాగాలు రెండు తీసేసి, మిగిలింది మళ్లీ కలిపి మళ్లీ నాలుగు చేస్తాం. చివరికి అరకిలో మిగలాలి. ఆ అరకిలో మొత్తం దిబ్బ తరఫున ల్యాబులో జవాబు చెబుతుంది.

పరీక్షకు పంపాక జల్లెడ పట్టడం, వేళ్లూ రాళ్లూ ఏరడం. ఆ తర్వాత మట్టిని తడిపి, పల్చటి ప్లాస్టిక్ షీటు కప్పి, అంచులు మూసి ఎండకు వదిలేస్తాం. మా అనకాపల్లి మే నెల ఎండకు షీటు కింద పురుగూ దాని గుడ్డూ ఉడికిపోతాయి. ఉప్పు విరగడానికి జిప్సం, బలానికి మాగిన గత్తం, వేపపిండి కలుపుతాం. చక్కెర ఫ్యాక్టరీలో చెరకు రసం వడగట్టగా మిగిలే మడ్డి కూడా మాకు ఇక్కడ ధారాళంగా దొరికేది. అది పచ్చిది వేస్తే ఆ వేడికి వేళ్లు మాడిపోతాయి. బాగా మాగాకే వాడాలి.

పని చేసే జట్టు అప్పలనాయుడనే మేస్త్రిది. నోరు పెద్దది గాని మనిషి నమ్మకస్తుడు. జట్టులో ఆడవాళ్లే ఎక్కువ, అందరూ పక్క ఊరి వాళ్లు, పొద్దున్నే నడిచి వచ్చేవారు. వాళ్లలో సన్యాసమ్మ అనే పెద్దావిడ, ఆమె కోడలు నూకరత్నం ఉండేవారు. నూకరత్నానికి అప్పుడు ఐదో నెల. అంతకుముందు ఒక కాన్పు నడుమలోనే పోయిందని జట్టంతటికీ తెలుసు. అందుకే బరువులు ఎత్తించకుండా పందిరి కింద కూర్చోబెట్టి వేళ్లు ఏరే పని ఇచ్చాం. చెయ్యి ఎంత చురుగ్గా ఆడేదో నోరూ అంతే ఆడేది. నేను దిబ్బల్లో మట్టి తీస్తుంటే చూసి, “అమ్మగారు మట్టికి కూడా వైద్దిగం సేత్తన్నారు, ఇక నాడి ఒకటే సూడాల” అని అందరినీ నవ్వించేది.

నర్సరీ వెనక గోడ దగ్గర ఒక పాత రేకుల షెడ్డు ఉండేది. మాకన్నా ముందు ఆ స్థలాన్ని కౌలుకు చేసినవారెవరో కట్టుకున్నారట. మేం దాని జోలికి వెళ్లేవాళ్లం కాదు. దాని పక్కన గోడ వెంట వరసగా చెదపుట్టలు. కొన్ని బతికున్నవి, తడితడిగా చెదలు తిరుగుతూ ఉండేవి. కొన్ని ఎండి రాయిలాగా బిగిసినవి. పుట్టమన్ను మెత్తగా జిగురుగా ఉంటుంది. గ్రావెల్ నేలకు అది కలిస్తే తడి నిలుస్తుంది. పుట్టలు కూడా తవ్వి దిబ్బల్లో కలపమని నేను చెప్పాను.

జట్టు కదల్లేదు. పుట్ట మీద గునపం వేయడం మాటలు కాదు. నాగులచవితికి పాలు పోసి, ఆ మన్ను చెవులకు పెట్టుకునే జనం. నేను చర్చికి వెళ్లే ఇంట్లో పుట్టినదాన్ని అయినా ఇంకొకరి నమ్మకం మీద నుంచి ట్రాక్టరు నడిపించే అలవాటు నాకు లేదు. ఒక పూట సెలవిచ్చాను. వాళ్లు పుట్టలకు పసుపు రాసి, కుంకుమ పెట్టి, పాలు పోసి, కొబ్బరికాయలు కొట్టి, తప్పు కాయమని దండాలు పెట్టుకున్నారు. మర్నాటి నుంచి పుట్టలు నిశ్చింతగా తవ్వారు. ఆ పూజ జరిగాక వాళ్ల దృష్టిలో ఆ మన్ను మామూలు మన్ను కాదన్న సంగతి అప్పుడు నా బుర్రకు తట్టలేదు.

కొన్నాళ్లకు పని షెడ్డు వెనక్కి చేరింది. ఆ రోజు మధ్యాహ్నం కొత్త దిబ్బ దగ్గర మట్టి తీయడానికి వంగాను. వాసన కొట్టింది. ముక్కిపోయిన గోనెసంచుల వాసన, అందులో కాస్త వెగటు తీపి. మేం కాలేజీలో ఉన్నప్పుడు ఆ వాసనతోనే నెలల తరబడి పని చేశాం. ఒకసారి ముక్కుకు ఎక్కితే జన్మలో మరిచిపోయే వాసన కాదు. బి.హెచ్.సి. అని మేమూ, తెల్లపొడి అని కూలీలూ పిలిచే పురుగుమందు అది. అప్పటికి కొన్నేళ్ల ముందే ప్రభుత్వం దాన్ని నిషేధించింది. మట్టిలో పడితే ఏళ్ల తరబడి పోదు. మనిషి ఒంట్లోకి ఎక్కువగా పోతే చేతులు వణకడంతో మొదలై మూర్ఛలొస్తాయి. గర్భిణి అయితే కడుపులో బిడ్డకూ ప్రమాదమే.

అప్పలనాయుడి చేత జాగ్రత్తగా పార పెట్టించాను. కుళ్లిన గోనె పీలికలు, వాటికి అంటుకుని బూడిదరంగు గడ్డలు బయటపడ్డాయి. ఎప్పుడో పాడైన సరుకును షెడ్డు వెనక గొయ్యి తీసి కప్పేసి పోయారు. “ఓలమ్మో, దీన్నేటి మనం తట్టల్తో మోత్తన్నాం?” అని అప్పలనాయుడు పార కింద పడేశాడు.

వెంటనే పని ఆపించాను. ఆ మూల చుట్టూ కర్రలు పాతి ఎర్రగుడ్డలు కట్టించాను. అక్కడి నుంచి అప్పటికే కొత్త స్థలానికి వెళ్లిన లోడ్లను విడిగా ఉంచి కప్పెట్టమని డ్రైవర్లకు చెప్పాను. జట్టును పిలిచి సబ్బుతో చేతులూ కాళ్లూ కడుక్కోమన్నాను, ఇంటికి వెళ్లగానే బట్టలు విడిగా ఉతకమన్నాను. మా శాఖలో ఇలాంటప్పుడు చెప్పే మాటలన్నీ వరసగా చెప్పి, “ఈ మూల మట్టి చిటికెడు కూడా ఎవరి నోట్లోకీ పోకూడదు” అని ముగించాను.

అది మేం ఎక్కడైనా చెప్పే మాటే. అన్నం తినే ముందు చెయ్యి కడుక్కోమనడమే దాని అర్థం. కానీ ఆడవాళ్ల గుసగుసలు ఠక్కున ఆగిపోయాయి. ఎవరూ నా మొహం వైపు చూడలేదు. నూకరత్నం ఒక్కతే తల తిప్పి అత్త వైపు చూసింది. సన్యాసమ్మ మొహంలో నెత్తురు చుక్క లేదు. మందు పేరు విని బెదిరారనుకున్నాను.

మర్నాడు ఆఫీసు తలుపు తీసేసరికి సన్యాసమ్మ మెట్ల మీద కూర్చుని ఉంది. లోపలికి రమ్మంటే వచ్చి గోడకు ఆనుకుని నిలబడింది. చాలాసేపు వానల గురించి, ఎండల గురించి మాట్లాడింది. ఆపైన అడిగింది.

“అమ్మగారూ, ఆ తెల్లపొడి కడుపులోకెల్తే మనిసి ఉంటాదా, పోద్దా?”

ఎవరి కడుపులోకి అని నేనడిగాను.

“ఎవలి కడుపులోకీ కాదమ్మా. ఊరికే అడిగేను.”

ఊరికే అడిగేందుకు ఎవరూ పొద్దున్నే అంత దూరం నడిచి రారు. నేను చదివిన ఎలమంచిలి బడిలో బలపాలు తినని ఆడపిల్ల ఒక్కతీ లేదు. నేనూ తిన్నాను, మా అమ్మ వీపు విమానం మోత మోగించేదాకా తిన్నాను. కడుపుతో ఉన్నవాళ్లకు తడిమట్టి వాసనకు నోరూరడం నాకు తెలియని సంగతి కాదు. అన్నీ తెలిసి ఐదో నెల పిల్లను తెచ్చి మట్టి దిబ్బ పక్కన కూర్చోబెట్టామని అప్పుడు తట్టింది.

నేను నూకరత్నం పేరు చెప్పగానే సన్యాసమ్మ కూలబడిపోయింది. “మా కోడలు గుంటకి మన్ను మీదకి మనసు పోనాదమ్మా. ఏ మన్ను పడితే అది తింటే కడుపులో నట్టలు పడతాయని నేనే పుట్టగెడ్డలు ఏరి, పెనం మీద ఏపి పెట్టేను. పసుపూ కుంకం ఏసిన పుట్ట కదా, మంచిదనుకున్నాను” అంది.

ఏ పుట్ట అని అడిగాను.

“ఎండిపోనాది. షెడ్డు పక్కది. బతికున్న పుట్టలో సెదలుంటాయి కదమ్మా, తింటే బాగోదు.”

బి.హెచ్.సి. పొడిని చెదలకే వాడేవారు. పుట్టకు కన్నం చేసి, పొడి పోసి, నీళ్లు పోసేవారు. షెడ్డు పక్కనున్న పుట్ట ఎండిపోయిందంటే దానంతట అది ఎండిందా, ఎండబెట్టారా? ఎండబెట్టి ఉంటే, సన్యాసమ్మ శుభ్రంగా ఉందని ఏరి ఏరి తీసుకున్న గడ్డలే అన్నిటికన్నా విషపు గడ్డలు. ఎన్నాళ్లుగా తింటోందని అడిగితే, పూజ చేసిన నాటి నుంచీ రోజూ అంది.

సన్యాసమ్మ నా కాళ్లు పట్టుకోబోయింది. తన కొడుక్కి మాత్రం చెప్పొద్దని బతిమాలింది. “మొన్నటిది పోయినప్పుడు నేను బరువులు మోయించేనన్నాడు. ఇప్పుడు ఇసం పెట్టేనంటాడు.” నేను దానికి ఏ మాటా ఇవ్వలేదు. జీపు తీయించాను.

నూకరత్నాన్ని ఆసుపత్రికి తీసుకెళ్లాం. లేడీ డాక్టరు నిదానంగా అన్నీ అడిగింది. వాంతులు లేవు, వణుకు లేదు, మూర్ఛ రాలేదు. బిడ్డ గుండె వినిపిస్తోంది. రక్తం మాత్రం చాలా తక్కువగా ఉంది. మట్టి మీదకు మనసు పోవడానికి అదీ ఒక కారణమని డాక్టరు ఐరన్ మాత్రలు రాసింది. నన్ను పక్కకు పిలిచి, ఆ మందు ఒంట్లో ఉందో లేదో చూసే పరికరం తమ దగ్గర లేదని చెప్పింది. తిన్నదేమిటో తేలితే గానీ తాను ఏమీ చెప్పలేనని, అందాకా మంచం మీదే ఉంచి చూస్తానని అంది.

కాబట్టి ఆ గడ్డలు కావాలి. పుట్టను అప్పటికే తవ్వి దిబ్బల్లో కలిపేశాం. దాన్ని విడదీయడం దేవుడి వల్ల కూడా కాదు. మిగిలినవి ఇంట్లో ఉన్నాయా అని సన్యాసమ్మను అడిగితే తల కొట్టుకుంది. భయపడి, ఆ పొద్దున్నే డబ్బాతో సహా కాలవలో పారేసి వచ్చిందట. నాకు ఒళ్లు మండింది. ఆ కోపంలో ఏమైనా అని ఉందును గాని, మంచం మీద నుంచి నూకరత్నం పిలిచింది. అత్తకు వినిపించకుండా నా చెవిలో చెప్పింది.

“సూరులో ఇంకో మూట ఉందమ్మా. అత్త పెట్టేవి సాలక నేను దాసుకున్నాను. అదే పుట్టవి. అత్తకి సెప్పకండి.”

అత్తకు తెలియకుండా కోడలు దాచిన ఆ మూట కోసం జీపులో ఆ అత్తనే పక్కన కూర్చోబెట్టుకుని వెళ్లాను. చూరులో చెయ్యి పెట్టి పాత చీరపేలికలో కట్టిన మూట తీశాను. గడ్డలు నూకరత్నం బొగ్గుల మీద వేపుకున్నవి. పొగవాసన తప్ప ఇంకేమీ రాలేదు. ఎంత వాసన చూసినా ఆ ముక్కవాసన ఉందో లేదో తేల్చుకోలేకపోయాను. ఒకసారి ఉందనిపించేది, మరోసారి లేదనిపించేది. భయపడే ముక్కును నమ్మకూడదని వదిలేశాను.

మామూలు మట్టి పరీక్షకు గుడ్డసంచి చాలు. పురుగుమందు వెతకాలంటే గుడ్డా ప్లాస్టిక్కూ పనికిరావు, గాజు కావాలి. బజారులో కొత్త పచ్చడి సీసాలు కొని, కడిగి ఆరబెట్టి, షెడ్డు వెనక దిబ్బ మట్టి ఒకదానిలో, చూరు గడ్డలు కొన్ని ఇంకొకదానిలో వేశాను, మిగిలినవి నా చేతిసంచిలో ఉంచుకున్నాను. మూత కింద అల్యూమినియం రేకు బిగించి, మంచుపెట్టెలో పెట్టి, మా అటెండరు చేత హైదరాబాద్ రైలెక్కించాను. అక్కడ ల్యాబులో నా క్లాస్‌మేటు విమల కెమిస్టు. ఆవిడ తొందరపడే మనిషి కాదు. మందును మట్టి నుంచి విడదీసి, శుభ్రం చేసి, మిషనులో ఎక్కించి, మళ్లీ ఎక్కించి సరిచూడాలి. అవుతుంది, ఆగమంది.

ఆగడం నా వల్ల కాలేదు. పని ఆగిపోయినందుకు రోడ్డు ఇంజినీర్లు మా అసిస్టెంట్ డైరెక్టరు గారి మీద పడ్డారు. ఆయన నా మీద పడ్డారు. చెడ్డ మనిషి కాదు, పై నుంచి ఒత్తిడి ఉన్న మనిషి. ఆ మూల మట్టిని కొంచెం కొంచెంగా దిబ్బలన్నిటిలో కలిపేస్తే పలచబడి పోతుంది కదా అని సలహా ఇచ్చారు. మందును పలచన చేస్తే పోదని, ఊరంతా తిరుగుతుందని నేను చెప్పాను. అలా కలిపిన మట్టి రేపు నారుసంచుల్లో నాతవరం దాకా, ఎలమంచిలి దాకా రైతుల ఇళ్లకు వెళుతుంది. ఆ ఇళ్లలోనూ కడుపుతో ఉన్నవాళ్లు ఉంటారు. ఆ మాట రాతలో ఇవ్వమంటారా అని అడిగితే ఆయన వద్దన్నారు. పని మాత్రం నేను చెప్పినట్టే ఆగింది.

రోజూ ఆసుపత్రికి వెళ్లేదాన్ని. పండ్లు తీసుకెళ్లడం ఒక వంక. నిజానికి నేను వెళ్లేది నూకరత్నం చేతులు చూడటానికి. నీళ్ల గ్లాసు అందుకుంటుందా, అందుకున్నప్పుడు నీళ్లు కదులుతున్నాయా అని చూసేదాన్ని. ఒకరోజు గ్లాసు నిజంగానే వణికింది. నీళ్లు చీర మీద ఒలికాయి. నేను లేచి నర్సును కేకేశాను. నూకరత్నం విసుక్కుంది.

“ఏటమ్మా, మీరలాగ కళ్లార్పకుండా సూత్తే ఎవలికైనా సెయ్యి ఒణుకుద్ది. నాకు ఆ మందు ఏటి సేసిందో గాని, మీరందరూ సూసే సూపుకే సచ్చిపోయేలాగున్నాను.”

నర్సు వచ్చి చూసి ఏమీ లేదంది. నేను బయట వరండాలో కూర్చుని, ప్రార్థన చేద్దామని కళ్లు మూసుకున్నాను. గోనె పీలికలే కనిపించాయి. సన్యాసమ్మ నా పక్కనే నేల మీద కూర్చుని ఉంది. ఆ రోజుల్లో ఆవిడ సరిగ్గా అన్నం తిన్నట్టు నేను చూడలేదు. కొడుక్కి తానే చెప్పేసిందట. అతను ఏమీ అనకుండా బయటికి వెళ్లిపోయాడని, తిట్టి ఉంటే బాగుండేదని చెప్పింది.

విమల ఫోను చేసినప్పుడు నేను ఆఫీసులో ఉన్నాను. దిబ్బ మట్టిలో మందు దండిగా ఉంది, అది ఊహించిందే. గడ్డల సంగతి అడిగాను. “డిటెక్షన్ లిమిట్‌కి లోపలే” అంది. అంటే మిషను కనిపెట్టగలిగినంత కూడా లేదని. అంటే లేదనా అని అడిగాను. “లేదని మా మిషను ఎప్పుడూ చెప్పదు. కనిపించలేదని చెబుతుంది. నువ్వూ చదువుకున్నావు కదా” అంది విమల. అంటే పుట్టను ఎవరూ మందు పోసి చంపలేదు. చెదలు వాటంతట అవే వదిలి వెళ్లాయి.

వెంటనే ఆసుపత్రికి వెళ్లి ముందు డాక్టరుకు చెప్పాను. ఆవిడ ఊపిరి పీల్చుకుంది. ఇద్దరం వార్డులోకి వెళ్లాం. కనిపించలేదని, మిషనుకు అందనంత తక్కువైతే చెప్పలేమని నేను మా శాఖ భాషలో మొదలుపెట్టాను. సన్యాసమ్మ నా నోటి వైపే చూస్తోంది.

“అంటే నేదనే కదమ్మా?”

నేను చదివిన చదువు ప్రకారం ఆ ప్రశ్నకు అవునన్న జవాబు లేదు. కాని ఆ మొహం చూస్తూ ఇంకో మాట చెప్పడం నాకు చేతకాలేదు. లేదు అన్నాను. సన్యాసమ్మ మంచం పట్టె పట్టుకుని అక్కడే కూర్చుని బావురుమంది. నాకూ కళ్లలో నీళ్లు తిరిగాయి. వారాల బరువు దిగింది.

నూకరత్నం ఏడవలేదు. నా వైపు చెయ్యి చాపింది.

“అయితే మిగిలిన గెడ్డలుంటే ఇచ్చేయండమ్మా.”

వేళాకోళమనుకున్నాను. కాదు. ఆమె మొహంలో నవ్వు లేదు, నిజమైన ఆకలి ఉంది. “ఇన్నాళ్లూ మంచిదో సెడ్డదో తెలీక బయంతో తిన్నాను. ఇప్పుడు మీరే అయిదరాబాదులో పరీచ్చ సేయించేరు కదా. ఇక బయం నేకుండా తింటాను” అంది.

దిగిన బరువు రెట్టింపై మళ్లీ నెత్తికెక్కింది. పసుపు కుంకుమల తర్వాత ఆ మన్నుకు ఇప్పుడు ప్రభుత్వ ల్యాబు ముద్ర కూడా నేనే వేయించాను. ఈ కబురు జట్టులో ఆడవాళ్లందరికీ సాయంత్రంలోగా చేరుతుంది. మిగిలిన గడ్డలు నా చేతిసంచిలోనే ఉన్నాయి. సంచిని ఒళ్లోకి లాక్కుని, మళ్లీ మొదటి నుంచి చెప్పాను. మేం వెతికింది ఒక్క మందును. అది కనిపించలేదు. నట్టల గుడ్లు వెతకలేదు, ఇంకే మందూ వెతకలేదు, ఆ దిబ్బల్లో మేం చూడనివి ఇంకా ఎన్నో ఉంటాయి.

“ఇందాక నేదన్నారు కదమ్మా” అంది నూకరత్నం.

నేను అన్నది ఆ ఒక్క మందు గురించేనని, ఆ మాట ఒంటిగా అనడం పొరపాటని చెప్పాను. ఆమె నా సంచి వైపు చూసి, చెయ్యి వెనక్కు తీసుకుంది. నమ్మి తీసుకుందో, నన్ను చూసి జాలిపడి తీసుకుందో నాకు తెలియదు. ఐరన్ మాత్రలు అయిపోయేదాకా వేసుకుందని, మధ్యలో దొంగచాటుగా బియ్యం బొక్కేదని తర్వాత సన్యాసమ్మ చెప్పింది.

విషపు మట్టిని, దానితో కలిసిన లోడ్లన్నిటినీ వెనక్కు రప్పించి, బంకమట్టి మెత్తి షీటు పరిచిన గోతిలో పూడ్పించి, చుట్టూ కంచె వేయించాం. మిగతా దిబ్బలకు మళ్లీ పరీక్ష చేయించి, బాగున్నవే వాడాం. పని తొలకరి దాటాకే పూర్తయింది. నూకరత్నానికి నెలలు నిండాక ఆడపిల్ల పుట్టింది. చూడటానికి వెళ్లినప్పుడు బిడ్డ పిడికిళ్లు వణుకుతున్నాయేమోనని చాలాసేపు చూశాను. పసిబిడ్డల పిడికిళ్లు ఎలాగూ కాస్త వణుకుతాయని అక్కడి నర్సు చెప్పింది. ఆ పిల్ల మామూలుగానే పెరిగింది.

ఆ తర్వాత నేను పనిచేసిన ప్రతిచోటా పాత మట్టి కదిపే ముందు ఆడకూలీలను విడిగా కూర్చోబెట్టి, ఆ మట్టి ఎవరి చేతికి వెళుతుందో, ఎవరి నోటికి వెళుతుందో అడిగాను. మట్టి పరీక్ష అనగానే మేం పంట గురించే అడుగుతాం. మనుషులూ తింటారని మా చదువులో ఎవరూ చెప్పలేదు. ఇక ఫలితం చెప్పేటప్పుడు ఏం వెతికామో ముందు చెప్పి, ఏం దొరకలేదో తర్వాత చెప్పేదాన్ని. లేదు అన్న మాటను ఒంటరిగా మళ్లీ ఎవరికీ ఇవ్వలేదు. భయపడి ఉన్న మనిషి ఆ మాట వినగానే చెయ్యి చాస్తుంది.